కోపంగా, కోపంగా, కోపంగా... ఇంకో మాట ఏమైనా ఉందా?

కథలబండి
ఒక పత్రికకి కథ పంపాను, తిప్పి కొట్టారు. పైగా "మీ కథలో అందరూ కోపంగా అంటున్నారు, కోపంగా చూస్తున్నారు, చివరికి కోపంగా భోంచేస్తున్నారు" అని మెయిల్లో ఒక ముక్క తగిలించారు. బాలేదని చెప్తే పోయేదానికి ఆ వెటకారం ఎందుకో.

విషయం ఏంటంటే, పొలం పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి విడిపోయిన అన్నదమ్ములు మేనకోడలి పెళ్ళిలో ఎదురుపడతారు. కొట్టుకోరు, తిట్టుకోరు. కానీ ఇద్దరికీ పడదని చదివేవాడికి తెలిసిపోవాలి. దానికి 'కోపంగా' కాకుండా ఏం మాటలున్నాయి? నిఘంటువు తీస్తే పరుషంగా, కర్కశంగా, క్రూరంగా అని వస్తున్నాయి. పులిహోర వడ్డించేటప్పుడు కర్కశంగా ఎలా చూస్తారండీ?

చిలిపికాకి
కోపంగా భోంచెయ్యడం మా ఇంట్లో రోజూ ఉండేదే. ఆ సంపాదకుడికి ఇంకా పెళ్ళి కాలేదేమో.

గోదారిగట్టు
ముభావంగా, ముక్తసరిగా, అంటీముట్టనట్టు, ఎడమొహం పెడమొహంగా, పెడసరంగా, పుల్లవిరుపుగా, విసురుగా, దురుసుగా, నిష్ఠూరంగా, ఎకసెక్కంగా, ఈసడింపుగా, గుర్రుగా, కొరకొరా. సరిపోతాయా, ఇంకా కావాలా?

కథలబండి
@గోదారిగట్టు దండ గుచ్చి ఇచ్చారు, సంతోషం. ఏది ఎక్కడ పెట్టాలో అదే నా బాధ. ముభావానికీ ముక్తసరికీ తేడా ఏంటి?

గోదారిగట్టు
ముభావంగా ఉన్నవాడు అసలు నోరు విప్పడు. విప్పినా మన మొహం చూడడు. వాడికి మన మీద కోపమే ఉండక్కర్లేదు, ఏదో దిగులు కూడా కావచ్చు. ముక్తసరిగా ఉండేవాడు మాట్లాడతాడు, అడిగినంతే.

"ఎప్పుడొచ్చావు?"
"పొద్దున."
"పిల్లలు రాలేదేం?"
"పరీక్షలు."

తిరిగి ఒక్క ప్రశ్న వెయ్యడు, చూడండి. అక్కడుంది ఆయువుపట్టు. నిజానికి ముక్తసరికి కోపంతో చుట్టరికమే లేదు. అరబ్బీ 'ముఖ్తసర్', ఫారసీ మీదుగా మన కచేరీ కాగితాల్లోకి వచ్చింది. క్లుప్తం అని అర్థం, అంతే. క్లుప్తంగా మాట్లాడేవాడి మనసులో మన మీద ఏదో ఉందని మనవాళ్ళే తీర్మానం చేసేశారు.

పుల్లవిరుపుగా అన్నది ఇంకో మెట్టు పైన. "భోజనానికి లే అన్నయ్యా" అంటే "ఆకలేస్తే లేస్తాలే" అనడం. అవతలివాడు దాన్ని పొడిగించడానికి లేదు. పెడసరంగా అన్నది మాత్రం చిన్నవాళ్ళకే. మీ కథలో తమ్ముడికి నప్పుతుంది, అన్నకి పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. పెద్దవాడు అదే పని చేస్తే దాన్ని 'బిగదీసుకుని' అంటాం.

నల్లగొండ_పోరడు
గివన్నీ పుస్తకాల మాటలు. మా దిక్కు 'ముభావంగా' అని ఎవ్వడన్నా అంటడా? "మొఖం మాడ్సుకొని కూసున్నడు" అంటరు. "మూతి తిప్పుకుంట పోయింది" అంటరు. "ఉరిమి సూసిండు", "గుర్రుగున్నడు". మాట జెప్తె మనిషి కండ్ల ముందట కనబడాలె.

వ్యాకరణం_మాస్టారు
పై మిత్రుడు చెప్పినవి బాగున్నాయి కానీ, ప్రశ్న క్రియావిశేషణాల గురించి. 'మాడ్చుకొని' క్త్వార్థకం. 'రుసరుసలాడుతూ' శత్రర్థకం. 'విసురుగా' ఒక్కటే ఇక్కడ అచ్చమైన క్రియావిశేషణం. ఈ చివరి 'గా' అగు ధాతువు నుంచి వచ్చినదే. నామవాచకానికో విశేషణానికో దాన్ని చేరిస్తే చాలు.

నల్లగొండ_పోరడు
సార్, మాడ్సుకున్న మొఖానికి క్త్వార్థకమని చెప్తె ఇంకింత మాడుతది.

చిలిపికాకి
😂😂

వ్యాకరణం_మాస్టారు
నవ్వండి, ఫరవాలేదు. కానీ ఒకటి గమనించండి. కోపం విషయంలో తెలుగువాడు 'గా' దగ్గర ఆగలేదు. కస్సున, చివ్వున, గయ్యిమని, చర్రుమని, కయ్యిమని, ధుమధుమలాడుతూ, చిటపటలాడుతూ, పటపటా పళ్ళు నూరుతూ. ఇవన్నీ చప్పుళ్ళు. కొరకొరా చూడటంలో చప్పుడు లేదు, అయినా చప్పుడు చేసినట్టే చెప్పాం. కథలబండిగారికి పనికొచ్చేది ఈ దినుసే అని నా ఉద్దేశం.

కథలబండి
మాస్టారూ, చప్పుడు లేని శత్రుత్వం కదా నాక్కావలసింది. గయ్యిమంటే కథ అయిపోతుంది.

డెస్క్‌బాబు
మా డెస్కులో ఈ ఇబ్బందే లేదు. నాయకుడు మైకు పట్టుకుంటే మండిపడ్డారు, నిప్పులు చెరిగారు, విరుచుకుపడ్డారు, ధ్వజమెత్తారు, దుయ్యబట్టారు. ఎదుటిపక్షం జవాబిస్తే 'ఘాటుగా స్పందించారు'. ఏమీ అనకపోతే 'ఆచితూచి స్పందించారు'. ఒకే పేజీలో ఒకే క్రియ రెండుసార్లు రాకూడదు కాబట్టి, ఎవరు మండిపడాలో ఎవరు నిప్పులు చెరగాలో మేమే పంచుతాం. పాపం, వాళ్ళలో సగం మంది కాగితం చూసి నెమ్మదిగా చదివినవాళ్ళే.

సీమబిడ్డ
@డెస్క్‌బాబు అందుకేనా రోజూ పేపర్ తీస్తే రాష్ట్రం కాలిపోతున్నట్టు ఉంటాది!

కథలబండి అన్నా, నా మాట వినండి. విశేషణాలు వద్దు. తెలుగులో క్రియకే కారం ఉంది. 'కోపంగా అన్నాడు' అనేదానికి బదులు కసిరినాడు, గదమాయించినాడు, ఈసడించినాడు, చీదరించుకున్నాడు, దెప్పినాడు, దబాయించినాడు, ఎత్తిపొడిచినాడు. ఒక్కో దాంట్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరి తప్పు అన్నీ తెలిసిపోతాయి. దెప్పేవాడికి పాత బాకీ ఉంటాది. గదమాయించేవాడికి అధికారం ఉంటాది. 'గా' తగిలించి ఇంకేం చెప్పాల?

గోదారిగట్టు
@సీమబిడ్డ ఒప్పుకోను. "నవ్వాడు" అనే క్రియ తీసుకోండి. ఎకసెక్కంగా నవ్వాడు, పొడిగా నవ్వాడు, నవ్వలేక నవ్వాడు. నవ్వు అదే, లోపలి సరుకు వేరు. ఆ 'గా' తీసేస్తే పాఠకుడు వాడు సంతోషంగా ఉన్నాడనుకుంటాడు.

సీమబిడ్డ
పొడిగా నవ్వడం అంటే ఏందో నాకు ఇప్పటికీ తెలీదు.

పెరటిజామ
మీరంతా మాటల్లో వెతుకుతున్నారు. మా ఇంట్లో వైరమంతా గిన్నెల్లో ఉండేది.

మా అమ్మా, పెద్దమ్మా ఒకే వంటింట్లో ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. పోట్లాట ఎందుకొచ్చిందో మాకెవ్వరికీ తెలీదు. గొడవ పడ్డ రోజున పెద్దమ్మ మామూలుగానే ఉండేది, కానీ స్టీలు గ్లాసు గట్టు మీద టక్కుమని పెట్టేది. అమ్మ ఆ గ్లాసు తీసి, కడిగిందాన్నే మళ్ళీ కడిగేది. నింపాదిగా. ఆ నింపాదితనం ఉంది చూశారూ, అది చూస్తే పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయేది.

ఇంక మాటలంటారా, మా ద్వారా నడిచేవి. అమ్మ పక్కనే నిలబడి ఉంటే పెద్దమ్మ నాతో "మీ అమ్మకి చెప్పు, పాలవాడొచ్చాడని" అనేది. నేను అమ్మవైపు తిరిగేలోపే అమ్మ "విన్నానని చెప్పు" అనేది. మధ్యలో నేను తంతి తీగ. దీనికి ఏ క్రియావిశేషణం పెడతారు మాస్టారూ?

వ్యాకరణం_మాస్టారు
తల్లీ, దానికి నా దగ్గర లేదు.

విజయనగరం_వాసి
మా ఇంటికాడ దాన్ని "గోడకి చెప్పినట్టు చెప్పడం" అంటాం. మా నాయనమ్మ కోపమొస్తే నిజంగా గోడతోనే మాటాడీది. "ఈ ఇంట్లో ముసలిదొకర్తుందని ఎవులికైనా గేపకం ఉందా" అని. గోడ పలకదు. మా అమ్మ కంచం పట్టుకుని పరిగెట్టీది.

@పెరటిజామ ఆ నింపాదిగా అన్న మాట చాలా బాగుంది. కోపమున్నోడు తొందర పడతాడనుకుంటాం.

న్యూజెర్సీ_అమ్మ
ఇక్కడ మా అబ్బాయి మనబడిలో తెలుగు నేర్చుకుంటున్నాడు. ఇంటికొచ్చి "అమ్మా, తాతయ్య నాతో రూడ్‌గా మాట్లాడారు" అన్నాడు. దురుసుగా అనాలి నాన్నా అన్నాను. "దురుసుగా అంటే రూడ్‌గానా?" అన్నాడు. అవునన్నాను. "మరి రూడ్‌గా అంటే ఏం తప్పు, గా ఉంది కదా" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

వ్యాకరణం_మాస్టారు
కుర్రవాడు సూత్రం పట్టేశాడు.

డెస్క్‌బాబు
ఆ 'గా' దేన్నైనా మింగేస్తుంది. సీరియస్‌గా, కూల్‌గా, రఫ్‌గా, జబర్దస్తీగా. హైదరాబాదులో ఉర్దూ మాటకి తగిలించినా, అమెరికాలో ఇంగ్లీషు మాటకి తగిలించినా తెలుగైపోతుంది.

అయినా దురుసుగా అంటే రూడ్‌గా అని పూర్తిగా ఒప్పుకోలేను. దురుసులో కొంచెం చెయ్యి కూడా లేస్తుంది. పోలీసులు పంపే ప్రెస్‌నోట్లలో 'దురుసుగా ప్రవర్తించి' అని ఉంటే తోపులాట జరిగిందని మేం అర్థం చేసుకుంటాం.

కోర్టుమెట్లు
ప్రెస్‌నోట్ల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. మా వృత్తిలో ఈ 'గా'ల మీద మనుషుల భవిష్యత్తు ఆధారపడుతుంది. తిట్టినంత మాత్రాన కేసు నిలబడదు. పాత ఐపీసీ 504 ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 352. అందులో మొదటి షరతే 'ఉద్దేశపూర్వకంగా' అవమానించడం. దానివల్ల అవతలివాడు రెచ్చిపోయి శాంతిభంగం చేస్తాడని తెలిసి ఉండాలి. నిరూపణ అయితే రెండేళ్ళ దాకా జైలు. ఆ ఒక్క క్రియావిశేషణం ఎగిరిపోతే మిగిలేది నోటి దురద మాత్రమే.

ఇంకో ముచ్చట. ఇల్లు ఖాళీ చేయించే తగాదాలో మా క్లయింటు ఫిర్యాదు రాసుకొచ్చాడు, "మర్యాదగా ఖాళీ చెయ్యమని బెదిరించాడు" అని. క్రాస్‌లో అవతలి లాయరు లేచి, "మర్యాదగానే అడిగాడని మీరే రాశారు కదండీ?" అన్నాడు. మావాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. జడ్జిగారు తెలుగువారు కాబట్టి బతికిపోయాం.

సీమబిడ్డ
అదీ మాట! తెలుగులో అన్నిటికన్నా గట్టి బెదిరింపు 'మర్యాదగా'నే. "మర్యాదగా చెప్తున్నా" అన్నాడంటే అదే ఆఖరుసారి అని లెక్క. మా తావ పెద్దమనుషులు గొంతు పెంచినంతసేపూ ఎవరూ పట్టించుకోరు. గొంతు దించి "నువ్వు పోయి రా నాయనా" అని సల్లగా అంటే అప్పుడు లేచి వెళ్ళిపోతారు.

గోదారిగట్టు
అన్నట్టు నిష్ఠూరంగా అన్నదాని గురించి చెప్పడం మర్చిపోయా. సంస్కృతంలో నిష్ఠురం అంటే కఠినం, దయలేనిది. మన దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోయింది. నొచ్చుకున్నవాడు అవతలివాడిని అనే మాట నిష్ఠూరం. "పెళ్ళికి పిలవలేదేం, మేం పరాయివాళ్ళమా" అనడం. చుట్టరికం ఇంకా మిగిలి ఉంటేనే నిష్ఠూరాలు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని అందుకే అన్నారు, పొలం పంపకాల్లాంటి చోట్లకి పుట్టిన సామెత అది. మీ అన్నదమ్ములు నిష్ఠూరంగా మాట్లాడుకుంటున్నారంటే వారంలో కలిసిపోతారు. కలపదలుచుకోకపోతే ఆ మాట దగ్గరికి పోకండి.

విజయనగరం_వాసి
సామెత మాత్రం తిరగేసి వాడేవోళ్ళే ఎక్కువ.

నల్లగొండ_పోరడు
గోదారిగట్టు అన్న, గిది మంచిగ చెప్పినవ్. మా బాపు, మా చిన్నాయన బాయికాడి మోటర్ లొల్లిల మాట్లాడుకుంటలేరు. మొన్న దావత్‌ల ఎదురైనరు. మా చిన్నాయన "అన్నా, మంచిగున్నరా?" అన్నడు. ఎప్పుడూ "మంచిగున్నవా" అనెటోడు. 'ఉన్నరా' అనెటాలకు మా బాపు తాగేటి నీళ్ళు కింద పెట్టిండు. ఇంటికొచ్చినంక అమ్మతోని అదొక్కటే ముచ్చట, "నన్ను ఉన్నరా అన్నడే" అని.

పెరటిజామ
అయ్యో.

కథలబండి
@నల్లగొండ_పోరడు మీ అనుమతి లేకుండానే తీసేసుకుంటున్నా. ఇప్పుడే రాశాను, చూడండి:

*అన్న పంక్తిలో కూర్చున్నాడు. తమ్ముడు పులిహోర వడ్డించుకుంటూ వచ్చి, పక్కాయన విస్తట్లో రెండు గరిటెలు వేసి, అన్న విస్తరి ముందు ఆగాడు.*
*"వెయ్యమంటారా?" అన్నాడు.*
*అన్న విస్తరి అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.*
*"చాలండీ" అన్నాడు. ఆ విస్తట్లో ఇంకా ఏమీ వెయ్యలేదు.*

సీమబిడ్డ
ఒక్క 'గా' కూడా లేదు. నేను చెప్పింది అదే!

గోదారిగట్టు
"పొడిగా అన్నాడు" అని పెట్టాలి. 'చాలండీ' అని ఒట్టిగా వదిలేస్తే అన్నగారికి కడుపు నిండిందనుకుంటారు.

సీమబిడ్డ
విస్తరి ఖాళీగా ఉంటే కడుపెట్లా నిండుతాది?

డెస్క్‌బాబు
చివరి వాక్యం కొట్టెయ్యండి. విస్తరి అంచు మడిచాడు చూశారూ, అది చాలు. వివరించకండి. మా డెస్కులో అయితే "'చాలండీ' అంటూ అన్న ఘాటుగా స్పందించారు" అని రాసేవాళ్ళం, అది వేరే సంగతి.

వ్యాకరణం_మాస్టారు
'వెయ్యమంటారా' చాలా బాగుంది. బహువచనం పెట్టి మనిషిని దూరం జరపడం. తమరు, గారు, అండీ, ఇవన్నీ పరాయివాళ్ళకి గౌరవం, అయినవాళ్ళకి శిక్ష. కానీ అందరి ఇళ్ళలో ఇది పారదు. అన్నగారిని మీరు అనే ఇళ్ళు బోలెడు. ఆ పాఠకుడికి ఇక్కడేం జరిగిందో తెలియదు. ఈ తమ్ముడు మామూలుగా నువ్వు అంటాడని ముందే ఎక్కడో ఒకచోట వినిపించాలి.

కథలబండి
అవును, అది పెట్టాలి. మొదటి పేజీలో చిన్నప్పటి గొడవ ఒకటుంది, అక్కడ ఇరికిస్తా.

పెరటిజామ
నాకొక అనుమానం. పెళ్ళికూతురు వీళ్ళకి మేనకోడలు అన్నారు కదా. మేనమామలు పులిహోర వడ్డిస్తూ తిరగడమేంటండీ? పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చేది వాళ్ళే కదా!

గోదారిగట్టు
ఔనండోయ్! ఇద్దరు మేనమామలు. బుట్టకి చెరో పక్క పట్టాలి.

కోర్టుమెట్లు
కథలబండిగారూ, మీ చేతిలో ఇంత సన్నివేశం పెట్టుకుని పులిహోర దగ్గర తచ్చాడుతున్నారా? ఇద్దరూ ఒకేసారి వంగాలి, ఒకేసారి లేవాలి. ఒకడు ఎత్తి ఇంకొకడు ఎత్తకపోతే పిల్ల కింద పడుతుంది. "ఎత్తండి" అంటాడా, "ఎత్తు" అంటాడా?

సీమబిడ్డ
ఏమీ అనడు. పురోహితుడి దిక్కు చూసి "ఆయన్ని ఎత్తమనండి" అంటాడు.

విజయనగరం_వాసి
పురోహితుడెందుకు, బుట్టలో పిల్లకే చెప్తాడు. "మీ పెదమావయ్యకి చెప్పమ్మా, ఎత్తుతున్నానని."

పెరటిజామ
@విజయనగరం_వాసి మా పెద్దమ్మ మీకు చుట్టమా?

కథలబండి
ఉండండి ఉండండి, రాసుకుంటున్నా. బుట్ట నడిచేటప్పుడు ఇద్దరి అడుగూ కలవాలి కదా, అది కూడా ఉంది. ఇందాకటి పులిహోర ముక్క దీని తర్వాత పెడతా.

నల్లగొండ_పోరడు
మా ఇండ్లల్ల బుట్ట లేదు, మేనమామ చెయ్యి పట్టుకొని తీస్కొస్తడు. ఇద్దరుంటె రెండు చేతులు. పిల్ల నడుమల ఉంటది.

కథలబండి
అదీ బాగుంది. కానీ నాది కృష్ణా జిల్లా కథ, బుట్టే ఖాయం.

గోదారిగట్టు
బుట్ట దించేటప్పుడు తమ్ముడు 'విసురుగా' దించకూడదు, మేనకోడలు ఉంది అందులో. 'పదిలంగా' దించి, మొహం పక్కకి తిప్పుకోవాలి. ఈ 'గా' మాత్రం ఉంచండి, సీమబిడ్డ ఏమన్నా సరే.

సీమబిడ్డ
పదిలంగా ఉంచుకోండి. దానికి నేను అడ్డు రాను.

చిలిపికాకి
ఇంతకీ పెళ్ళికూతురు ఎంత బరువుంటుంది? అన్నదమ్ములిద్దరికీ వయసెంత? నాకు మోకాళ్ళ గురించి బెంగగా ఉంది.